మూపురం పెట్టుకున్న గుర్రం

ఆ వేసవిలో మా ఆయనకి సెలవు దొరకలేదు. ఒమన్ దేశంలో, సలాలా ఊరి రైసూత్ పోర్టులో క్రేన్లు మరమ్మతు చేయించే డ్యూటీ ఆయనది. నేను సలాలాలోనే ఒక స్కూల్లో పిల్లలకి కంప్యూటర్ చెబుతాను. స్కూలు మూసేశారు, కాకినాడ ప్రయాణం లేదు, బయట ముసురు. ఇక్కడ ఆ ముసురు కాలాన్ని ఖరీఫ్ అంటారు. మన వైపు వ్యవసాయ శాఖ వాళ్ళ నోట తప్ప వినపడని ఆ మాటని ఇక్కడ పిల్లలు పండగ పేరులా పలుకుతారు. కొండలన్నీ పచ్చబడతాయి, రోడ్ల మీద కొబ్బరిబోండాల కొట్లు వెలుస్తాయి, ఎక్కడెక్కడి వాళ్ళో కార్లు వేసుకుని తడవడానికి వస్తారు. నేను మాత్రం ఉతికిన బట్టలు ఆరక, ఏం చేయాలో తోచక ఇంట్లో కూర్చున్నాను.

అప్పుడు కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి ఫోన్‌కి ఒక వీడియో పంపింది. "అమ్మా, మీ ఊరి ఒంటె చూడు" అని. ఇంగ్లండులో ఒక చిన్న స్టూడియో వాళ్ళు తయారుచేస్తున్న వీడియో గేమ్ అది. సాంబ్రాణి మూటలు వేసుకుని ఒంటెల బిడారు ఎడారిలో పోతూ ఉంటుంది. ఇసుక బాగుంది, ఆకాశం బాగుంది. ఒంటె దగ్గరికి వచ్చేసరికి నాకు ఏదో తేడా కొట్టింది. మళ్ళీ చూశాను. నాలుగోసారికి దొరికింది. అది ఒంటె నడక కాదు.

పన్నెండేళ్ళుగా ఇక్కడ ఒంటెలు దాటేదాకా రోడ్డు మీద కారాపుకుని కూర్చున్నదాన్ని నేను. ఒంటె ఒక పక్క రెండు కాళ్ళూ కలిపి వేస్తుంది, తర్వాత రెండో పక్క రెండూ. అందుకే దాని ఒళ్ళంతా పడవలా అటూ ఇటూ ఊగుతుంది. ఈ వీడియోలోది ముందు కుడికాలూ వెనక ఎడమకాలూ కలిపి లేపుతూ టకటకా పోతోంది. వేరే పని లేదు కదా, వాళ్ళ వెబ్‌సైట్లో ఉన్న చిరునామాకి ఉత్తరం రాశాను. పిల్లల జవాబు పత్రాలు దిద్దే అలవాటు ఎక్కడికి పోతుంది? మొదటి వాక్యమే "మీ ఒంటె మూపురం పెట్టుకున్న గుర్రం" అని రాసి, కింద కాళ్ళకి అంకెలు వేసి బొమ్మ గీసి పంపాను. పంపాక సిగ్గేసింది.

మర్నాడే జవాబు వచ్చింది. రాసింది ఆ స్టూడియో పెట్టిన ఆవిడే. "మీరు అన్నది అక్షరాలా నిజం. అది గుర్రమే. మేము ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇన్నేళ్ళలో ఎవరూ కనిపెట్టలేదు. దయచేసి మీతో మాట్లాడవచ్చా?"

ఫోన్ పట్టుకుని ఇల్లంతా రెండుసార్లు తిరిగాను. మా ఆయన డ్యూటీ నుంచి రాగానే చూపించాను. ఆయన చదివి, "తిట్టావు కదా, మళ్ళీ మాట్లాడతానంటోందేంటి?" అన్నారు.

వీడియో కాల్‌లో చూసేసరికి ఆవిడ అరవై దాటిన మనిషి, పొట్టి తెల్ల జుట్టు, ఎర్ర స్వెట్టరు. మాకు మధ్యాహ్నం, వాళ్ళకి పొద్దున. ఆవిడ వెనక కిటికీలోంచి ఏదో చక్రం వేలాడుతూ కనిపించింది. వాళ్ళ స్టూడియో ఒక సైకిళ్ళ కొట్టు మేడ మీద ఉందట, అది ఆ కొట్టు సైన్‌బోర్డట. మాట్లాడటం మొదలుపెట్టిన కాసేపటికే ఇద్దరం నవ్వుతున్నాం. ఆ గుర్రం సంగతి చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి అంది. అక్కడితో ఆగక, వాళ్ళ పాత ఆటలన్నీ కలిపి ఒక సంపుటంలా తెస్తున్నామనీ, వాటిని మొదటి నుంచి చివరిదాకా ఆడి ఎక్కడ పనిచేస్తున్నాయో ఎక్కడ ఆగిపోతున్నాయో రాసిపెట్టే మనిషి కావాలనీ చెప్పింది.

"మీ అంత నిర్దయగా చూసేవాళ్ళు మాకు దొరకలేదు. చేస్తారా?" అంది.

స్కూలు తెరిచేదాకా చేస్తానన్నాను. అట్లా నలభై నాలుగేళ్ళ వయసులో రోజూ మధ్యాహ్నం వీడియో గేములు ఆడటం నా పని అయింది.

నేను ఒక్కదాన్నే ఆడలేదు. మా కింది వాటాలో ఇంటివాళ్ళు ఉంటారు. ఆ ఇంటాయన తల్లిని చూసుకోవడానికి కడప జిల్లా నుంచి వచ్చిన అక్క ఒకావిడ ఉంది. వచ్చి తొమ్మిదేళ్ళయింది, అరబ్బీ గడగడా మాట్లాడుతుంది. గల్ఫు ఇళ్ళలో పనిచేసే మనవాళ్ళు ఇంటి యజమానురాలిని "మామా" అంటారు. అక్క కూడా ఆ పెద్దావిడని అలాగే పిలిచేది, వినివిని మాకూ ఆవిడ మామాయే అయింది. మామా భోంచేసి నిద్రపోయే వేళకి అక్క మా ఇంటికి టీకి వచ్చేది. నేను లాప్‌టాప్ ముందు కూర్చుని బటన్లు నొక్కడం చూసి మొదటిరోజు అనుమానంగా అడిగింది.

"ఏంది టీచరమ్మా, పిల్లోల్ల ఆటలాడతాండావే?"

"ఇది డ్యూటీ అక్కా."

"ఇదా డ్యూటీ? ఇట్లాటి డ్యూటీ ఇంగోటి ఉంటే నాగ్గూడా చూడు."

ఆ స్టూడియో చరిత్ర నాకు అట్లా ఒక్కో ఆటా ఆడుతూ, ఆడాక స్టూడియో ఆవిడకి ఫోన్ చేస్తూ తెలిసింది. మొదటి ఆట ఆవిడా, ఆవిడతో కాలేజీలో చదివిన స్నేహితుడూ కలిసి చేశారు. ఆయన బొమ్మలు, ఈవిడ ప్రోగ్రాము. అప్పట్లో ఆటలు పాటల కేసెట్లలాంటి వాటిలో వచ్చేవి. ఈవిడ వాళ్ళమ్మ వంటింటి బల్ల మీదే కేసెట్లు కాపీ చేసి, కవర్లలో పెట్టి పోస్టు చేసేవాళ్ళు. ఒకసారి వాళ్ళమ్మ పొరపాటున ఒక కవర్లో కేసెట్‌తోపాటు సరుకుల చీటీ కూడా పెట్టేసింది. అది అందుకున్న మనిషి, చీటీలో ఏదో రహస్యం ఉందనుకుని నెలరోజులు తలబాదుకుని, "ఉల్లిపాయలు, సబ్బు, అగ్గిపెట్టె అన్నీ వెతికాను, ఆటలో ఉల్లిపాయలు ఎక్కడా దొరకలేదు" అని ఉత్తరం రాశాడు. పాపం అనిపించి, తర్వాతి కేసెట్లలో ఉల్లిపాయల బుట్ట ఒకటి ఆటలో పెట్టారట. నేను ఆడుతున్నప్పుడు ఆ బుట్ట కనిపించింది. అది ఎందుకుందో తెలిసిన దాన్ని కనక కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను.

ఆ ఆటలో మనం బస్సు కండక్టరు. టికెట్ తీసుకోనివాళ్ళు సీట్ల కింద దాక్కుంటారు, పట్టుకోవాలి. నేను పట్టుకోలేకపోయాను. అక్క నా చేతిలోంచి మౌస్ లాక్కుంది. ఆవిడ కళ్ళు ఒకసారి బస్సంతా చూశాయి.

"ఆ టోపీవాడు, కిటికీ పక్కన. నిద్రపోయినట్టు నటిస్తాండాడు. కడప బస్సులో ఇట్లాటోల్లను ఎంతమందిని చూళ్ళేదు!"

టోపీవాడే. అక్క వరసగా ఆరు బస్సులు ఖాళీ చేసింది. ఆ సంగతి చెబితే స్టూడియో ఆవిడ, ఆ ఆట చేసిన మేమిద్దరమే నాలుగో బస్సు దాటలేదని ఒప్పుకుంది.

తర్వాతది గొర్రెల ఆట. దానితోనే వాళ్ళ దశ తిరిగింది. గొర్రెల మందని కొండ దాటించాలి, అంతే. కానీ ఆ గొర్రెలు చెప్పినమాట వినవు. గొర్రెల అరుపులన్నీ ఆ స్నేహితుడే స్నానాల గదిలో నిలబడి అరిచి రికార్డు చేశాడట. పొరుగింటావిడ తలుపు కొట్టి ఒంట్లో బాగోలేదా అని అడిగిందట. ఆ ఆట బాగా అమ్ముడుపోవడంతో సైకిళ్ళ కొట్టు మేడ మీద గది తీసుకున్నారు. పదిమంది చేరారు. మెట్ల మీద కూర్చుని అన్నాలు తినేవాళ్ళు.

అంతలో ఒక పెద్ద కంపెనీ వచ్చి వాళ్ళని కొనేసింది. అద్దాల బిల్డింగు, క్యాంటీను, మెడలో కార్డులు. గొర్రెలు చాలు, గుర్రప్పందేలు చేయమన్నారు. రెండేళ్ళు కష్టపడి గుర్రాన్ని మహా అందంగా చేశారు. ఆట మాత్రం ఎవరూ కొనలేదు. అప్పుడు ఈవిడ పట్టుబట్టి, తనకి చిన్నప్పటి నుంచి కోరికగా ఉన్న సాంబ్రాణి బిడారు ఆట మొదలుపెట్టింది. గడువు తక్కువ. బొమ్మలేసే స్నేహితుడు ఒంటెని కొత్తగా చేసే తీరిక లేక పందెం గుర్రానికే మూపురం అతికించి, మెడ సాగదీసి, "ప్రస్తుతానికి ఇది ఒంటె" అన్నాడు.

"ఆ ప్రస్తుతం ఇప్పటిదాకా నడిచింది" అంది ఆవిడ.

ఆ మాటకి నేను నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగాను. ఆ ఒంటె నడిచిన నెలకే పెద్ద కంపెనీ వాళ్ళు స్టూడియో మూసేశారట. అందర్నీ బయటికి పిలిచి, కార్లు ఆపేచోట నిలబెట్టి చెప్పారట. పూలకుండీలు చంకన పెట్టుకుని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళారు. బిడారు ఆట మాకు అక్కర్లేదు, కావాలంటే నువ్వే ఉంచుకో అన్నారట. ఉంచుకుంది. స్నేహితుడు విసిగిపోయి బేకరీ పెట్టాడు. ఈవిడ కాలేజీలో పాఠాలు చెప్పుకుంది. చాలా ఏళ్ళ తర్వాత, పాతవాళ్ళు ముగ్గురు వచ్చి, మళ్ళీ మొదలుపెడదామా అంటే, అదే సైకిళ్ళ కొట్టు మీద అదే గది ఖాళీగా ఉంది. బేకరీ ఆయన చేరలేదు కానీ ప్రతి శుక్రవారం రొట్టెలు పట్టుకుని వచ్చి, బొమ్మలకి వంకలు పెట్టి వెళ్తాడట.

"బిడారు ఆటలో ఇప్పుడు మిగిలింది ఒంటె ఒక్కటే. నాకు పక్క నుంచి నడుస్తున్న ఒంటె వీడియో కావాలి. నాలుగు కాళ్ళూ కనబడాలి. పది సెకన్లు చాలు" అంది.

పది సెకన్లే కదా అనుకున్నాం. శుక్రవారం మా ఆయన కారు తీశారు. నేను ముందు, అక్క వెనక. ఖరీఫ్‌లో కొండలు జారుడుగా ఉంటాయని ఒంటెలని కిందకి తోలుకొస్తారు, రోడ్ల మీదే తిరుగుతుంటాయి. దారిలో కొట్టు దగ్గర అరటిపళ్ళు కొన్నాం. కాస్త దూరం పోగానే పొగమంచులోంచి ఇరవై ఒంటెలు వచ్చాయి. నేను అద్దం దించి ఫోన్ పట్టుకున్నాను. ఒక్కటీ పక్క నుంచి నడవలేదు. తిన్నగా కారు మీదికి వచ్చాయి. ఒకటి కిటికీలోంచి తల లోపల పెట్టింది. దాని పెదాలు నా భుజం దాటి, మా ఆయన కళ్ళద్దాలు దాటి, డాష్‌బోర్డు మీది అరటిపళ్ళ సంచి దాకా పోయాయి.

"పోనీయండి! కారు పోనీయండి!" అని నేను.

"ఎట్లా పోనీను? దాని తల లోపలుందిగా!" అని ఆయన.

వెనక సీట్లో అక్క "హష్, హష్" అని అరబ్బీలో అదిలిస్తూ, మధ్యలో తెలుగులో తిడుతూ, మధ్యలో నవ్వు ఆపుకోలేక సీటు మీద పడిపోతోంది. ఒంటె పళ్ళు తొక్కలతో సహా తిని, మా ఆయన చొక్కా మీద తుమ్మి, తీరిగ్గా తల తీసుకుంది. ఇంటికొచ్చి చూస్తే నా వీడియో అంతా పెదాలే. సరే అని అదే పంపాను. స్టూడియోలో నలుగురూ దాన్ని పదకొండుసార్లు చూశారట. పెదాలు అద్భుతం, కాళ్ళు ఎక్కడ అని అడిగారు.

అక్క ఒక ఉపాయం చెప్పింది. "ఎట్ల నడుచ్చాదో మనకు తెలుసు గదా. మనమే నడిచి చూపిద్దాం."

మర్నాడు మధ్యాహ్నం చినుకులు ఆగాక డాబా ఎక్కాం. అక్క ముందు కాళ్ళు, నేను వెనక కాళ్ళు. నేను వంగి అక్క నడుం పట్టుకున్నాను, నా వీపు మీద దిండు, ఇద్దరి మీదా గోధుమరంగు దుప్పటి. మా ఆయన ఫోన్ పట్టుకున్నారు. దుప్పటి లోపల నాకు అక్క మడమలు తప్ప ఏమీ కనిపించడంలేదు.

"ఎడమ! ఇద్దరిదీ ఎడమ! టీచరమ్మా, అది కుడి!"

"అక్కా, నువ్వు వేగంగా పోతున్నావు!"

"ఒంటె ముందుకాళ్ళు వెనక్కాళ్ళను అడిగి నడుచ్చాదా?"

మూడోసారికి కుదిరింది. ఎడమ ఎడమ, కుడి కుడి. ఒళ్ళు దానంతటదే ఊగడం మొదలైంది. ఆ ఊపు అందగానే నాకు చెప్పలేనంత సంబరం వేసింది. డాబా ఈ చివర నుంచి ఆ చివరకి పోయాం, తిరిగాం, మళ్ళీ వచ్చాం. మా ఆయన గొంతు వినపడటంలేదు. దుప్పటి ఎత్తి చూస్తే ఆయన నీళ్ళ ట్యాంకుకి ఆనుకుని, ఫోన్ ఒక చేత్తో పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటున్నారు. మెట్ల తలుపు దగ్గర చేతికర్రతో మామా నిలబడి ఉంది.

అక్క గబుక్కున దుప్పటి తీసి, ఇద్దరం తప్పుచేసిన స్కూలు పిల్లల్లా నిలబడ్డాం. మామా నల్ల ముసుగులోంచి కళ్ళు మాత్రం కనిపిస్తాయి. ఆ కళ్ళు కాసేపు మమ్మల్ని చూశాయి. తర్వాత ఆవిడ భుజాలు కదిలాయి. మెట్టు మీద కూలబడి, చేతికర్రని నేలకేసి కొడుతూ నవ్వింది. నవ్వు ఆగాక ఏదో అడిగింది. అక్క లాప్‌టాప్ తెచ్చి ఆటలోని ఒంటెని చూపించి, సంగతంతా అరబ్బీలో చెప్పింది.

మామా తెర మీదికి వంగి చూసింది. "లా, లా! హాదా హుసాన్!" అంది. కాదు కాదు, ఇది గుర్రం అని. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఆ తర్వాత ఆవిడ మా నడకకి కూడా వంక పెట్టింది. అక్క తర్జుమా చేసింది.

"కాళ్ళు సరిపోయినాయంట. మెడ చచ్చిపోయిందంట. మెడ ల్యాకుండా ఒంటె యాడ నడుచ్చాది అంటాండాది."

చేతికర్రని ముందుకి చాచి, ప్రతి అడుగుకీ అది ఎట్లా ముందుకి పోయి వెనక్కి వస్తుందో మామా చేసి చూపించింది. ఆవిడ పెళ్ళి కాకముందు కొండల్లో తండ్రి ఒంటెల వెంట తిరిగిన మనిషట. తొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నా అక్కకి ఆ సంగతి అప్పుడే తెలిసింది. మర్నాడు కొడుకు చేత కారు తీయించి, ఊరి బయట దొడ్లో ఉన్న వాళ్ళ ఒంటెల దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్ళింది మామా. ఒక ముసలి ఆడ ఒంటెని పిలిచింది. అది వచ్చింది. నడవమంది. నడిచింది. తిరగమంటే తిరిగింది. చిన్న తుంపరలో, బురదలో, నేను పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు కాళ్ళూ, మెడా, ఆ నడకకి తగ్గ గంభీరమైన మొహమూ అన్నీ తీశాను. పది సెకన్లు అడిగితే అరగంట పంపాను. డాబా మీద మా నడక వీడియో కూడా మా ఆయన చెప్పకుండా పంపేశారు.

తర్వాత స్టూడియో ఆవిడ వీడియో కాల్ చేసింది. "మీ వీడియోలు అందాక, శుక్రవారం బేకరీ ఆయన వచ్చాడు. చూసి, రొట్టెలు బల్ల మీద పెట్టి, స్వెట్టరు విప్పి, నా పాత కుర్చీ ఎక్కడ అన్నాడు. ఇవాళ్టికి వారం, రోజూ వస్తున్నాడు. గుర్రాన్ని నేనే అతికించాను, నేనే తీసేయాలి అంటున్నాడు" అంది. ఆవిడ వెనక గదిలో ఒక బట్టతల మనిషి తెర ముందు కూర్చుని, ఒక చేతిని మెడలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ కనిపించాడు.

స్కూలు తెరిచాక కూడా సెలవు రోజుల్లో పరీక్షించి పంపుతూనే ఉన్నాను. ఆట విడుదలకి ముందు, చివర్లో వచ్చే పేర్ల జాబితా సరిచూడమని ఆవిడ పంపింది. ఒంటె నడక అని రాసి కింద మా మూడు పేర్లు ఉన్నాయి. అందులో నా పేరు మొదట ఉండటం చూసి అక్క ఒప్పుకోలేదు.

"ముందు నడిచింది నేను. నా పేరు ముందుండల్ల. నువ్వు వెనక్కాళ్ళు గదా."

"మెడ అందరికంటే ముందుంటుంది కదక్కా" అన్నాను.

కాసేపు ఆలోచించి, "అది నిజమే" అంది. కాబట్టి మామా పేరు మొదట, అక్క పేరు రెండోది, నాది మూడోది.

విడుదలైన రోజు ఇంటివాళ్ళు కింద హాల్లో పెద్ద టీవీకి ఆట తగిలించారు. ఖర్జూరాలు, హల్వా, కహ్వా అనే అరబ్బీ కాఫీ పెట్టారు. నేను అరిసెలు తీసుకెళ్ళాను. లాప్‌టాప్‌లో వీడియో కాల్ పెట్టి స్టూడియో వాళ్ళ ఐదుగురినీ టీవీకి ఎదురుగా కూర్చోబెట్టాం. మామా చేతికి కంట్రోలర్ ఇచ్చాం. ఆవిడ దాన్ని ఒడిలో పెట్టుకుని, ఏ బటన్ ఏంటో అక్క చేత చెప్పించుకుంది. బిడారు బయల్దేరింది. ఒంటె ఊగుతూ, మెడ ఆడిస్తూ నడిచింది. ఇంగ్లండులో ఎవరో ముక్కు చీదుకోవడం వినిపించింది.

నాలుగడుగులు వేశాక మామా ఒంటెని ఒక చెట్టు నీడకి తీసుకెళ్ళి కూర్చోబెట్టేసింది. కంట్రోలర్ పక్కన పెట్టి కహ్వా తాగుతోంది. ఆట ముందుకి పోవడంలేదు. లాప్‌టాప్‌లోంచి ఆవిడ కంగారుగా, "ఏమైంది? ఆగిపోయిందా? తప్పు దొర్లిందా?" అంది.

అక్క మామాని అడిగి నాకు చెప్పింది, నేను ఇంగ్లీషులో ఆవిడకి చెప్పాను. ఎండ నడినెత్తిన ఉందట. ఇంత బరువేసి ఇప్పుడు నడిపించడం పాపమట. చల్లబడనీ అంటోంది.

ఇంగ్లండులో ఐదుగురూ ఒక్కసారి నవ్వారు. బేకరీ ఆయన లేచి, అయితే మేమూ టీ పెట్టుకుంటాం అన్నాడు. మేము అరిసెలు తింటూ, కబుర్లు చెప్పుకుంటూ, టీవీలో ఆ చెట్టు నీడ మెల్లగా సాగడం చూస్తూ కూర్చున్నాం. ఇసుక రంగు మారింది. మామా కప్పు కింద పెట్టి, "యల్లా" అంది. ఒంటె మొదట వెనక కాళ్ళ మీద లేచి, తర్వాత ముందు కాళ్ళ మీద లేచింది. మూటలు ఒకసారి కదిలి సర్దుకున్నాయి. బయల్దేరాం.